గార కింది మేస్త్రి

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఎంత నిలకడ కావాలో మాత్రం ఎవరూ చెప్పరు. నా విషయంలో అరవై ఏళ్లు చాలలేదు.

మొన్న వానలు మొదలైన రోజుల్లో, వేలూరు బాగాయంలో మా వసారాలో కూర్చుని ముళ్లవంకాయలు తరుగుతుంటే ఫోను మోగింది. గుడియాత్తం నుంచి నూనె అంగడి యజమాని. మా పుట్టిల్లు వాళ్ల అంగడి వెనక సందులోనే ఉండేది కాబట్టి అతను పుట్టినప్పటి నుంచి నేను అతనికి అత్తనే.

"అత్తా, మీ సంతకం ఒకటి కావాల. మన ఏటిగట్టు సుడుగాడులో ముందర సగం రోడ్డుకు పోతా ఉండాది. ఎవురి గోరీ వాళ్లు సాక్షితో వచ్చి రాయించుకుంటే వెనక పక్క కొత్త వరసలోకి మార్చిస్తారంట. ఎవురూ అడగని రాళ్లు ముందరైనా వెనకైనా ఎత్తి పారేస్తారంట. మా యవ్వ గోరీ చదివి చూపించింది మీరే గదా. మీ కంటే సాక్షి ఎవురుండారు?"

"ఆమా అప్పా, వస్తా," అన్నాను.

ఫోను పెట్టేశాక వంకాయ ముల్లు వేలికి గుచ్చుకుంది. ఒళ్లు మండింది. వంకాయ మీద కాదు, అతని మీదా కాదు. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి మీద. రెండు జడలు, మోకాలి మీద దెబ్బ మచ్చ, ఎప్పుడూ ఏదో ఒకటి నమిలే నోరు. దాని చెవి మెలేసి నిలబెట్టి అడగాలని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. అది దొరకదు. అది నేనే.

మా ఊళ్లో తెలుగు నోటికే తెలుసు, కంటికి తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, అంగట్లో రెండూ కలగలుపు. రాసేదీ చదివేదీ మాత్రం తమిళమే. కానీ కౌండిన్య ఏటి గట్టున ఉన్న మావాళ్ల శ్మశానంలో పాత రాళ్లన్నీ తెలుగువే. మాలో కాల్చరు, మట్టి చేస్తారు. కడప వైపు నుంచి, పెనుకొండ వైపు నుంచి వచ్చిన పెద్దలు తమవాళ్ల తలాపున రాయి నాటి, నాలుగు ముక్కలు చెక్కించి పోయారు. వాటిని చదివే వాళ్లను మాత్రం తయారు చేసి పోలేదు.

మా అవ్వది పొన్నై. చిన్నప్పుడు అక్కడి వీధిబడిలో అక్షరాలు దిద్దిన మనిషి. తాత మేస్త్రి కాబట్టి మా ఇంట్లో సున్నానికి కొదవ లేదు. అవ్వ నేల మీద సున్నప్పొడి చల్లి, నా వేలు పట్టి దిద్దించేది. వేలు మండుతోందని ఏడిస్తే, "మండితేనే అక్షరం మరిసిపోవు," అనేది. నాకు ఎనిమిదో ఏట అవ్వ పోయింది. ఆ తర్వాత మావాళ్లలో ఆ రాళ్లు చదవగలిగిన దాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఊరి పెద్దల పేర్లన్నీ ఒక చిన్నపిల్ల చేతిలో పెట్టి పెద్దవాళ్లంతా నిశ్చింతగా ఉన్నారు. అనాలంటే ముందు వాళ్లను అనాలి.

పెద్దల అమావాస్యకు వారం ముందు నుంచి శ్మశానంలో తాతకు పని ఉండేది. గోరీలకు సున్నం కొట్టే పని. తొట్టిలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, ఆ ఆవిరి ముక్కుకు కొట్టేది. గట్టున పూసిన తంగేడు వాసన ఒకటి, ఏటి ఇసుకలో ఆరబెట్టిన నూలు నుంచి వచ్చే గంజి పులుపు ఒకటి. అవి మూడూ కలిస్తే నాకు పండగ వాసన. శ్మశానానికి భయపడాలని నాకు ఎవరూ నేర్పలేదు.

అమావాస్య నాడు ఇంటింటివాళ్లూ వడలు, గుమ్మడికాయ కూర, పాయసం మోసుకుని వచ్చేవాళ్లు. "పాపా, మా తాతది ఏది చూడు," అంటే నేను వరసగా చదువుకుంటూ పోయి ఒకచోట ఆగేదాన్ని. మురుకో అరిసో చేతిలో పడేది. అలా చదివి చదివి ఊరంతా నాకు తెలిసిపోయింది. ఉప్పుమూటల గాడిదలతో కనుమ దిగి వచ్చినవాడొకడు. ఒకే వారంలో వాంతిభేదికి పోయిన ముగ్గురు అన్నదమ్ములకు కలిపి ఒకటే రాయి. ఇంకొకాయన మగ్గం గుంటలోనే ప్రాణం విడిచాడని గొప్పగా చెక్కించారు. ఇవేవీ మా బడి పుస్తకంలో లేవు. మురుకులతో పాటు నా కడుపులోనే ఉండేవి.

గేటుకు దగ్గరగా, వేపచెట్టు నీడన ఒక రాయి ఉండేది. అవ్వ నాతో మొదట చదివించిన రాయి అదే. బజారు బావి కడుతుండగా గోడ విరిగి మీద పడి చనిపోయిన మేస్త్రి ఫలానా అనీ, అంగళ్లవారంతా కలిసి వేయించిన రాయి అనీ ఉండేది. ఆ బావిని పూడ్చి పైన అంగళ్లు కట్టి ఎన్నాళ్లయిందో. అక్కడ బావి ఉండేదని చెప్పే సాక్ష్యం ఆ రాయి ఒక్కటే. కట్టుబడి పనివాళ్లలో రాయి ఉన్నవాడు కూడా అతనొక్కడే. మిగిలిన మావాళ్లంతా మట్టి దిబ్బలే, రెండు వానలకు చదునైపోయేవాళ్లు.

తాతకు చదవడం రాదు. అయినా ఏ ఏడు పని మొదలుపెట్టినా మొదటి కుంచె ఆ రాతికే. కుంచె ముంచే ముందు రాతిని అరచేత్తో ఒకసారి నిమిరేవాడు. ఎందుకని అడిగితే, "మనోడు. ఆ నీళ్లు తాగినోళ్లంతా మరిసిపోయినారు. మనం గూడా మరిస్తే యెట్ల?" అనేవాడు.

అవ్వ పోయిన మరుసటి ఏడు అమావాస్యకు నూనె అంగడి పెద్దమ్మ వచ్చింది. ఇప్పుడు నాకు ఫోను చేసినతనికి ఆమె నాయనమ్మ. పెద్ద ముక్కుపుడక, నువ్వులనూనె వాసన, ఎదురు చెప్పనివ్వని గొంతు. ఆ ఏడు వాళ్లకు వ్యాపారం దెబ్బతింది. ఎవరో సోదె చెప్పేవాళ్లు, మీ వంశంలో పెద్దావిడను మరిచారు, ఆమె దగ్గర దీపం పెట్టండని చెప్పారట. ఆ పెద్దావిడ పెద్దమ్మకు అత్తగారి అత్తగారు. గోరీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పెద్దమ్మ నన్ను పిలిచి ఆమె పేరు, మొగుడి పేరు, వాళ్ల సొంతవూరి పేరు మూడూ చెప్పింది. కోడలి చంకలో ఒక తగరపు డబ్బా ఉంది.

"డబ్బాలో కజ్జికాయలు ఉండాయి పాపా. గోరీ దొరికి, దీపం పెట్టినాకనే మూత తీసేది," అంది పెద్దమ్మ.

పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా వెతికాను. అరికాళ్లు కాలిపోయాయి. నేను ఏ వరసకు పోతే ఆ డబ్బా నా వెనకే వచ్చేది. వేయించిన నువ్వులు, బెల్లం, ఏలకులు, నెయ్యి. మూత ఎంత బిగించినా ఆ వాసన ఆగలేదు. ఇక వెనక వరసలు మిగిలాయి. అక్కడ నడుమెత్తు కంపచెట్లు, పాములున్నాయని అందరూ చెప్పే చోటు. వెనక్కి చూశాను. వేపనీడ కనిపించింది.

"ఇదే," అని మేస్త్రి రాతి ముందు నిలబడ్డాను.

చదవమంది. వేలు ఒక్కో అక్షరం మీద పెట్టి, పొద్దున ఆమె చెప్పిన పేర్లే మూడూ ఆమెకు తిరిగి చదివాను. తడుముకోలేదు. నిజం చదివేటప్పుడైనా అక్కడక్కడ ఆగేదాన్ని, అబద్ధం గడగడా వచ్చింది. పెద్దమ్మ ఆ రాతిని కావలించుకుని ఏడ్చింది. కోడళ్లూ ఏడ్చారు. దీపం పెట్టాక డబ్బాకు డబ్బా నా ఒళ్లో పెట్టి, "చదువులతల్లివి నువ్వు," అంది.

రెండు వరసల అవతల సున్నం కొడుతున్న తాత కుంచెతోనే వచ్చాడు.

"ఇది మన మేస్త్రిది గదా పాపా?"

"కాదు తాతా."

"మీ యవ్వ గూడా అట్లనే చదివేది గదా?"

నా నోట్లో కజ్జికాయ ఉంది. మింగి, "యవ్వకు కండ్లు ఆనేది లేదు తాతా," అన్నాను.

తాత రాతిని చూశాడు, నన్ను చూశాడు. అతని కంటికి ఆ అక్షరాలు ఉలిగీతలే. కుంచె దించి, "అక్షరం యాడన్నా అబద్ధం చెప్తుందా? మా పెద్దోళ్లే తప్పు చెప్పినారేమో," అన్నాడు. ఆ రోజు తాత నాకు రెండు తగిలించి ఉంటే బాగుండేది. పనిపాటలు నేర్పిన నాలుగు తరాల మాట పక్కన పెట్టి, మూతికి బెల్లం అంటిన మనవరాలి మాట నమ్మాడు. దానికి చదువు వచ్చు కాబట్టి. ఎంత తలుచుకున్నా నాకు మింగుడు పడనిది ఇదే.

అంతటితో పోలేదు. పెద్దమ్మ ఆ గోరీకి మంచి గార పూయించాలనుకుంది. పని ఇంకెవరికిస్తుంది, తాతకే ఇచ్చింది. రాతి అక్షరాలు వానకు అరిగిపోతున్నాయి, గార కింద ఉంటే భద్రంగా ఉంటాయని తాతే చెప్పాడు. కరక్కాయలు దంచి బెల్లంతో కలిపి కుండలో నానబెట్టాడు. సున్నం గానుగలో తిప్పించాడు. కోడిగుడ్ల తెల్లసొన కలిపి, వేళ్లతో పూసి, ఏటి గులకరాయితో పది రోజులు మెరుగు పెట్టాడు. అద్దంలా అయింది. నేను పక్కనే కూర్చుని కుండలో వేలు ముంచి ఆ తియ్యటి వగరు నీళ్లు నాకుతూ చూశాను. మొదట బావి మాట మునిగిపోయింది. తర్వాత అంగళ్లవారు. కడపట మేస్త్రి పేరు.

మరుసటి ఏడు పని మొదలుపెట్టే రోజు తాత కుంచె ముంచి నిలబడ్డాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. కుంచెలోంచి సున్నం కాళ్ల మీద కారుతుంటే అలాగే నిలబడి, పోయి గేటు కంబానికి కొట్టాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ గేటు కంబానికే.

రెండేళ్లకు వెనక కంపచెట్లు కొట్టించారు. అక్కడ సగం భూమిలో కూరుకుపోయిన రాయి ఒకటి బయటపడింది. పైన దీపం బొమ్మ, పక్కన చిన్న గానుగ బొమ్మ. నూనె అంగడివాళ్ల పెద్దావిడ అదిగో అక్కడుంది. పెద్దమ్మ చెప్పిన మూడు పేర్లూ ఉన్నాయి. వాటి కింద ఇంకా ఉంది. కాలినడకన ఈ ఊరు వచ్చి, నువ్వుల గంప నెత్తిన మోసి అమ్మి, గానుగ పెట్టి, ఇద్దరు బిడ్డలను సాకింది అని. చుట్టూ చూసి, కాలితో మట్టి తోసి కప్పేశాను. తాతకు రేపు చెప్దామనుకున్నాను. అప్పటికే తాతకు దగ్గు పట్టుకుంది. రేపు, మాపు అంటుండగానే తాత పోయాడు. ఆయనకూ మట్టి దిబ్బే. ఆ దిబ్బ ఎక్కడో ఇప్పుడు నేను కూడా చూపించలేను.

తాతకే చెప్పలేని మాట ఇంకెవరికి చెప్తాను? ఈలోగా నూనె అంగడి లేచి నిలబడింది. అంతా తమ అవ్వ చలవ అన్నారు. గార మీద గులాబీ రంగు టైల్సు వేయించారు. నాకు పెళ్లయి వేలూరు వచ్చేశాను. చేతులు కాలాయి, ఆకులు పట్టుకోవడానికి కూడా సిగ్గుపడ్డాను.

అందుకే ఫోను వచ్చిన మర్నాడు బస్సెక్కి గుడియాత్తం పోయేటప్పుడు, ఈసారి చెప్పి తీరాలని గట్టిగా అనుకున్నాను. పాలారు వంతెన మీద ఒకసారి, ఊళ్లో దిగాక ఒకసారి మాటలు కూర్చుకున్నాను. శ్మశానంలో వేపచెట్టు కింద బల్ల వేసుకుని గుమాస్తా కాగితాలు రాస్తున్నాడు. నూనె అంగడతను తెల్లపంచెలో ఎదురొచ్చాడు.

"నాయనా, ఇది మీ యవ్వది కాదప్పా," అన్నాను. "కజ్జికాయల కోసం అబద్ధం చెప్పినాను. ఇది మా మేస్త్రిది. మీ యవ్వ వెనక పక్క ఉండాది. రా, చూపిస్తా."

అతను ముందు నవ్వాడు. "సుమ్మా ఉండండి అత్తా, తమాషా చేయొద్దు." నేను నవ్వకపోయేసరికి నా కళ్లద్దాల వైపు చూశాడు. "మీకు కండ్లు ఆనడం లేదేమో. చిన్నప్పుడు గడగడా చదివినారంట, మా జేజి చెప్పి చెప్పి ఏడ్చేది. వేలూరులో అంత పెద్దాసుపత్రి పెట్టుకోని పొర తీయించుకోకుంటే యెట్ల?"

అవ్వ కళ్ల మీద నేను వేసిన నింద తిరిగి నాకే వచ్చి తగిలింది.

"టైల్సు తీసి గార కొట్టి చూడు. కింద మేస్త్రి పేరు ఉంటుంది."

"వచ్చే నెల పాప పెండ్లి పెట్టుకోని పెద్దల గోరీ పగలగొట్టమంటారా? ఈ గోరీ మొక్కినాకనే గదా అత్తా మా అంగడి లేచింది. అబద్ధానికి అంత సత్తువ ఉంటుందా?"

అతని చెయ్యి పట్టి వెనక్కి లాక్కుపోయాను. కంపలు మళ్లీ పెరిగాయి. మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో మట్టి తోడి, కొంగుతో తుడిచి, పెద్దగా చదివాను. పేర్లు మూడూ, గంప, గానుగ, ఇద్దరు బిడ్డలు. అక్కడక్కడ ఆగాను. అతను పంచెకు ముళ్లు తగులుతాయని దారి మీదే నిలబడ్డాడు.

"ఆ పేర్లు ఊళ్లో పది మందికి ఉండేవి అత్తా. అయినా ఆడమనిషి గానుగ పెట్టేదేంది? మా అంగడి పెట్టింది మా ముత్తాత. గోడకు పటం ఉండాది గదా."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ ముళ్లలో తెలిసింది. అరవాలనిపించింది. అరిచి ఏం లాభం? అప్పుడు నన్ను నమ్మినందుకు కోపం, ఇప్పుడు నమ్మనందుకు కోపం.

గుమాస్తా తొందరపెట్టాడు. కాగితం ముందు కూర్చున్నాను. సంతకం పెడితే అబద్ధం కాగితాలకెక్కుతుంది. పెట్టకపోతే మేస్త్రి రాయి అడిగే దిక్కులేక లారీలో పోతుంది. తాత నిమిరిన రాయి అది. పెట్టాను.

పెట్టి, ఇంకో కాగితం అడిగాను. వెనకున్న రాయి నాది అన్నాను. గుమాస్తా వచ్చి చూసి, ఏం రాసుందని తమిళంలో అడిగాడు. అతనికి ఆ లిపి తెలియదు. పేరు చెప్పాను. మీకేమవుతుందన్నాడు.

"మా యవ్వ," అన్నాను. ఈసారీ తడుముకోలేదు.

సాక్షి కావాలన్నాడు. నూనె అంగడతను తనే ముందుకొచ్చి, "మా అత్తకు మేం గాక ఎవురుండారు?" అంటూ, తన వంశంలో మొదటి మనిషిని నాకు రాసిచ్చి చక్కగా సంతకం పెట్టాడు.

తర్వాతి వారం క్రేను పెట్టి రాళ్లు మార్చారు. అది చూడటానికి కూడా పోయాను. గులాబీ గోరీని తాళ్లతో కట్టి ఎత్తితే తాడు జారి దభీమని పడింది. టైల్సు పెంకుల్లా రాలిపోయాయి. పగులు, పగులు అని వేడుకున్నాను. గార మీద వెంట్రుకంత బీట కూడా లేదు. ఎండకు తళతళా మెరిసింది. క్రేను కుర్రవాడు దాన్ని తట్టి చూసి, "యార్ పూసినారో గాని, రాయి మాదిరి ఉండాది," అన్నాడు. మా తాత అని చెప్పాను. పని అంత బాగా చేయకపోతే ఏం పోయేది తాతా అనుకున్నాను.

ఒకే రోజు రాయించుకున్నాం కాబట్టి కొత్త వరసలో రెండు రాళ్లూ పక్కపక్కనే వచ్చాయి.

ఈ పెద్దల అమావాస్యకు పొద్దున్నే సున్నం కలుపుకుని పోయాను. ఇప్పటి సున్నం పొట్లంలో వస్తుంది, పొంగదు, వాసన ఉండదు. అరచేత్తో గారను నిమిరి, మొదటి కుంచె మేస్త్రికి వేశాను. వెనక నుంచి నూనె అంగడతను పెళ్లాంబిడ్డలతో వస్తూ చూశాడు.

"చూసినారా అత్తా," అన్నాడు సంబరంగా. "మీ చెయ్యే చెప్తా ఉండాది, ఇది మా యవ్వదేనని."

కుంచె మళ్లీ సున్నంలో ముంచాను. వాళ్లు మేస్త్రికి దీపం పెట్టి, వడలు, పాయసం వడ్డించి, దండాలు పెట్టుకున్నారు. వాళ్ల అసలు అవ్వ జానెడు దూరంలో ఏ దీపమూ లేకుండా చూస్తూ ఉంది. ఆమెకు నేనే సున్నం వేసి, నాలుగు తంగేడు పూలు పెట్టి పక్కన కూలబడ్డాను. అంతలో అతని భార్య డబ్బా మూత తీసింది. వేయించిన నువ్వులు, బెల్లం, ఏలకులు.

"మా యవ్వ పేరు చెప్పుకోని తినండి అమ్మా," అని చేతిలో ఒక కజ్జికాయ పెట్టింది.

వాళ్ల అవ్వకు ఆనుకుని కూర్చుని, వాళ్ల అవ్వ పేరు చెప్పుకునే తిన్నాను. అదే రుచి. తియ్యగానే ఉంది. నా కోపమంతా అదే.